ఒక్క చుక్క తేడా

పదకొండో రోజు పొద్దున్న
చొక్కా చేతిలోకి చెయ్యి వెళ్ళలేదు.
సగం దారిలో ఆగి
గడప దగ్గర మొరాయించిన దూడలా నిలబడింది.
సింహాచలం వచ్చి, ఏమీ అనకుండా,
పసివాడికి తొడిగినట్టు తొడిగింది.
బొత్తాలు మాత్రం నేనే పెట్టుకున్నాను.
అవి రొమ్ము ఎత్తులోనే కదా ఉంటాయి.

ఇప్పుడు నా లోకమంతా ఎత్తులే.
దువ్వెన ఎత్తు. చిలక్కొయ్య ఎత్తు.
అటకమీద రంగు డబ్బాల ఎత్తు.
నలభయ్యేళ్ళు నిచ్చెన మీద బతికినవాణ్ణి.
పర్లాకిమిడిలో పాత గోడ ఏదైనా గీకి చూడండి,
మూడు పూతల సున్నం కింద
నా అక్షరమే నిద్రపోతూ ఉంటుంది.

మాత్ర వేసుకున్న రెండేళ్ళూ వేరే లెక్క.
మూడో రోజుకే నొప్పి
ఎవరితోనో లేచిపోయినట్టు మాయమైంది.
రాత్రి రెండింటికి మెలకువ,
చల్దన్నం గిన్నె అడుగు గీకే ఆకలి,
మొహం నిండు చందమామై కూర్చుంది.
"ఒళ్ళు సేసినావురా పోలినాయుడూ" అన్నారు బజార్లో.
నెత్తురులోకి తీపి దిగింది.
అప్పుడు మాత్ర తగ్గించుకుంటూ వచ్చారు.
పది, అయిదు,
బ్లేడుతో కోసిన రెండున్నర,
దినం విడిచి దినం,
తర్వాత ఖాళీ రేకు.

తీపి తగ్గింది. తీపులు మొదలయ్యాయి.
మన భాషకి ఇలాంటి వేళాకోళాలు అలవాటే.

బరంపురం పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరమ్మ
ఎలా ఉంటుందో చెప్పమంది.
సలుపు, పోటు, పీకుడు, గుంజుడు,
తెల్లారగట్ల ఒకటి, ఎండెక్కాక ఒకటి,
మోచేతి దాకా దిగి
అక్కడే చుట్ట ముట్టించుకుని కూర్చునేది ఇంకొకటి.
ఇన్ని ఉన్నాయి నా దగ్గర.
ఒడియాలో నాకొచ్చింది ఒక్కటే, బింధుచి.
"కాంథ బింధుచి" అన్నాను.
ఆ పిల్ల నవ్వు ఆపుకుంది.
కాంధ అంటే భుజం. కాంథ అంటే గోడ.
మన లిపిలో రాస్తే ఒక్క చుక్క తేడా.
గోడ నొప్పెడుతోంది తల్లీ అని
అంత దూరం బస్సులో వెళ్ళి చెప్పుకున్నానన్నమాట.

తప్పేం చెప్పలేదేమో.

ఒళ్ళు తన మందు తానే కాచుకునేదట.
రెండేళ్ళు బయటినుంచి తెచ్చిపోస్తే
పొయ్యి ఆర్పేసి పడుకుందట.
మళ్ళీ రాజేసుకోవడానికి టైము పడుతుందట.
లేదా పాత జబ్బే తిరిగొచ్చిందేమో,
నెత్తురు పరీక్ష వస్తేగాని చెప్పలేనంది.
ఆ "లేదా"ని చీటీతో పాటు మడిచి
జేబులో పెట్టుకుని వచ్చాను.

కాశీనగర్లో విత్తనాల కొట్టు గోడ ఒప్పుకుని ఉన్నాను.
అడ్వాన్సు తినేశాను కూడా.
ఒడియా పైన, తెలుగు కింద. అది పద్ధతి.
పైవరస బనమాలి రాశాడు,
నిచ్చెన మీద ఈల వేసుకుంటూ,
ఒక్కో అక్షరానికీ గుండ్రటి గొడుగు పడుతూ.
ముప్పయ్యేళ్ళుగా నాకు గుర్రు,
మా అక్షరాన్ని ఎప్పుడూ కిందే పెడతారని.
నిన్న ఆ కిందే నా చేతికి అందింది.

ఎడం అరచేతిని కుడి మోచేతికి పీట వేసి
"వరి" రాశాను. "విత్తనములు" దగ్గర
ఒత్తు తేలిగ్గానే వచ్చింది,
అది కిందికి జారే పని.
న తలకట్టు దగ్గర,
ఆ చివరి చిన్న ఎగురు దగ్గర,
భుజంలో ఎవరో తాడు లాగారు.
తడిసిన పిచ్చుక రెక్కలా
తలకట్టు ఓ పక్కకి వాలిపోయింది.

"దిద్దనా?" అన్నాడు బనమాలి పైనుంచి.
వద్దులే, ఉండనీ అన్నాను.
వాడు దిగొచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి,
తెలుగు చదవడం రాదు కాబట్టి,
"చాలా బాగుంది మాస్టారూ" అన్నాడు.

పరీక్ష సంగతి సాయంత్రం ఫోను చేస్తామన్నారు.
కిరసనాయిల్లో కుంచె కడిగాను,
ఎడం చేత్తో.