పాత పావలా

చవితి వెళ్ళిన మంగళవారం మొదలైంది.
కొబ్బరి పచ్చడి నాలిక మీద వేసుకుంటే
ఎవరో పాత పావలా ఒకటి అక్కడ పెట్టి
మర్చిపోయి వెళ్ళినట్టు.

కొబ్బరిది తప్పనుకున్నాను,
పూర్ణామార్కెట్ షావుకారుని తిట్టొచ్చాను.
మర్నాడు టీలో పావలా.
ఆ మర్నాడు ఉత్త నీళ్ళలో.
ఇప్పటికి పదకొండు నెలలు.

కంచరపాలెం మెట్టు దగ్గర టిఫిన్ బండి నాది.
ఉప్పు చూడలేని దానికి బండెందుకని
మా ఆయన అనలేదు గానీ
సాంబారు గిన్నె వైపు చూసే చూపులో ఉంది.
అందుకే పక్క వాటా నూకరత్నాన్ని పెట్టుకున్నాను.
ఎనిమిదేళ్ళ పిల్ల. ఐదింటికి నిద్ర కళ్ళతో వచ్చి
అరచేయి చాపుతుంది, నాకుతుంది,
"సాల్లేదు పిన్నీ" అంటుంది, లేదా తలూపుతుంది.
జీతం రెండు ఇడ్లీలు, పచ్చడి ఎక్కువ.

ఎవరి కారణం వాళ్ళకుంది.
ఆటో ఎర్నాయుడికి పోర్టు దుమ్ము:
"ఊరంతా ఇనప మట్టే తింటన్నాం,
నీకు తెలిసిపోయింది, అంతే."
ఆడపడుచు సింహాచలమ్మకి దిష్టి.
నీళ్ళ డబ్బాలేసే కుర్రాడికి కుళాయి నీళ్ళు,
కుళాయి వదిలేవాడికి డబ్బా నీళ్ళు.
నేను సత్తు గిన్నెలమ్మి స్టీలువి కొన్నాను,
పేస్టు మాని వేపపుల్ల నమిలాను,
బీపీ బిళ్ళ పది రోజులు దిండు కింద దాచాను.
అప్పు పుస్తకం వెనక్కి తిప్పి రాసుకున్నాను:

బెల్లం: ముందు పావలా, తర్వాత బెల్లం.
నెత్తళ్ళ పులుసు: పావలా.
కాకరకాయ: కాకరకాయే! ఒక్కసారే.
ఏమీ తినకుండా, రాత్రి రెండింటికి: పావలా.

ముందు వైపు వీధంతా నాకు బాకీ.
వెనక వైపు నేనెవరికి బాకీయో తెలీలేదు.

డాబాగార్డెన్స్‌లో పన్ను పీకారు.
మంచి పన్నే పాపం, కాగితంలో చుట్టిచ్చారు.
కేజీహెచ్ ఎత్తు ఎక్కి మూడు సీసాల రక్తం ఇచ్చాను.
నార్మల్ అని అచ్చేసిన కాగితాలు
కరెంటు బిల్లుల పక్కన మేకుకి గుచ్చాను.
పెదవాల్తేరు చెవి ముక్కు ఆసుపత్రిలో
ముక్కులోకి కెమెరా దింపి, తీసి,
ఒక పెద్దాయన చీటీ రాసి, తలెత్తకుండా
చినవాల్తేరు వైపు చెయ్యి చూపించాడు.
అక్కడ ఏ ఆసుపత్రి ఉందో
ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళనూ.
చల్లటి గది. మెత్తటి గొంతు డాక్టరమ్మ
నాలిక సంగతి అడగలేదు.
ఈమధ్య మీకు దగ్గరివాళ్ళు ఎవరైనా పోయారా, అంది.
ఎవరూ పోలేదమ్మా, ఉప్పే పోయింది, అన్నాను.
నవ్వలేదు. రాసుకుంది.
చాలాసేపటికి పెన్ను మూసి
"నాకు తెలీడం లేదండీ" అంది.
ఇన్నాళ్ళలో ఆ మాట అన్నది ఆవిడొక్కతే.
గేటు దగ్గర జామకాయకి కారం అద్దించుకుని
బస్సెక్కకుండా బీచి దాకా నడిచాను.

దూరంగా ఏడు ఓడలు లంగరేసుకుని ఉన్నాయి,
లోపలికి రమ్మనే కబురు కోసం.
వాటిలో వంటవాడికి ఉప్పు ఎవరు చూస్తారో.
రాళ్ళకి కొట్టుకున్న అల మొహం మీద చింది
పెదవి తడుముకున్నాను.
ఉప్పు.
ఉత్త ఉప్పు. పావలా లేదు.
కదలకుండా నిలబడి లెక్కపెట్టాను,
పన్నెండు దాకా ఉంది.
పదమూడుకి వచ్చేసింది.

ఆ రాత్రి పుస్తకంలో పన్నెండు అని వేశాను.
పక్కన కారణం అని రాసి, గీత గీసి,
కింద ఖాళీ వదిలేశాను.

పొద్దున్న ఐదింటికి నూకరత్నం అరచేయి చాపింది.
ఊదుకుని నాకి
టీసీ టిక్కెట్టు చూసినంతసేపు చూసింది.
"ఇంకో సిటికెడు, పిన్నీ."
వేశాను.