శేరు

కాశీబుగ్గలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ,
అకౌంట్సు సెక్షన్లో కిటికీ పక్క కుర్చీ నాది.
పిక్కలుడికే ఆవిరి ఫైళ్ళక్కూడా పట్టేసింది.
పదకొండేళ్ళ కిందటి వోచరు తిప్పినా
వేళ్ళకి కమురు వాసన.

పోయినేడు కంపెనీ మార్కెట్టుకెక్కింది.
బోనసు బదులు షేర్లన్నారు.
ఉత్తరాలు టైపు చేసింది నేనే.
ఎండీ గారికి లక్షా అరవై వేలు,
లెక్కలు చూసే అల్లుడు గారికి నలభై వేలు,
నాకు మూడొందలు,
కొట్టుడు షెడ్డులో పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి
తలా నలభై.
సున్నాలు సరిగ్గా పడ్డాయో లేదో రెండుసార్లు చూశాను.
నా పేరు దగ్గర మూడుసార్లు.

చేతికి ఇప్పుడే రావు.
నాలుగేళ్ళు, ఏడాదికి పావు వంతు.
మధ్యలో మానేస్తే మిగిలింది కంపెనీదే.
ఉద్దానం మనుషులకి ఇది చెప్పడం తేలికనుకున్నాను:
అంటు జీడిమొక్క మూడో ఏటిదాకా కాపుకి రాదు గదా,
అందాకా కంచె కట్టేదీ నీళ్ళు పోసేదీ మనమే గదా.
వెనక వరసలోంచి వాచరు కూర్మారావు
"గాలొస్తేనో బాబూ?" అన్నాడు.
తోటలన్నీ ఒక్క రాత్రిలో పడుకున్న ఏడు
ఇక్కడెవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు.
ఫారంలో దానికి గడి లేదు.

తవిటమ్మ ఉత్తరం తలకిందులుగా పట్టుకుని
"శేరంటే మన కుంచంలో ఎన్నో వంతు?" అంది.
షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.
తను నవ్వలేదు.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
నాలుగో గుంటని పక్కింటావిడ చేతిలో పెట్టి
శేరు తవుడు కొలిచి తిరిగి కొనుక్కుందట వాళ్ళమ్మ.
అలా వచ్చిన పేరు.

డీమ్యాట్ ఖాతాలు తెరవడానికి
శ్రీకాకుళం నించి కుర్రాడొచ్చాడు,
వేలిముద్రల మెషీను సంచిలో పెట్టుకుని.
నా వేలికి వెంటనే పచ్చలైటు.
తవిటమ్మ బొటనవేలికి ఎర్రలైటు.
చూపుడువేలికి ఎర్రలైటు.
కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ తుడిచి
పది వేళ్ళూ.
"గీతల్లేవు సార్" అన్నాడు కుర్రాడు,
తప్పు తనదైనట్టు నేల చూస్తూ.

ఇరవై రెండేళ్ళు.
ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా
పగిలిన ప్రతి పిక్కా ఓ చుక్క జీడి చిమ్మి
కొంచెం కొంచెంగా తిన్న చేతులు.
"రేషను డిపోలోనూ ఇంతే బాబూ, కన్ను సూపిత్తాను" అంది.
కన్ను చూసే మెషీను గురువారం వస్తుందట.

ఎండీ గారికి రూలు వేరు, ఆగక్కర్లేదు.
పది రూపాయల చొప్పున కొని
మార్చిలో ఒక పొద్దున్న సగం అమ్మేశారు.
ఆ రోజు షేరు పదకొండు రూపాయలు పడింది.
బస్సులో నిలబడి
ఇంకా నావి కాని మూడొందల్ని పదకొండుతో హెచ్చవేశాను.
మూడువేల మూడొందలు పోయాయి,
ఎప్పుడూ లేనివి.
రాత్రి అన్నం సహించలేదు.
అంతకు నెల ముందే టెక్కలి గ్రానైటు ఆఫీసు పిలిచింది,
అయిదువేలు ఎక్కువ జీతం.
వెళ్ళలేదు.
మూడొందల కాయితం పలుపుతాడై
కుర్చీకి కట్టేసింది.

రిజిస్టర్లో తవిటమ్మ పేరుకెదురుగా రిమార్కుల గడి.
"వేలిముద్ర లేదు" అని రాశాను.
కొట్టేశాను.
గోదాంలో ముంబై వెళ్ళే డబ్బాల్లో
మచ్చ లేని, అంచు విరగని తెల్లటి గుళ్ళు.
ఆ గీతలెక్కడ అరిగాయో నాకు తెలుసు.
గడి చిన్నది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.
"నాలుగేళ్ళు పోయాకిచ్చీది సరే బాబూ.
కేజీకి రెండ్రూపాయలు పెంచుతామన్నారు గదా దసరాకి,
అదీ ఇందలోనే కలిపీసినారేటి?"