నకలు

చంద్రపూర్ల ఆ దుకాణానికి బోర్డు చిన్నది,
తలుపు మాత్రం బ్యాంకు తలుపు.
బోబడే సేఠ్ ఎర్రగుడ్డ మడత ఇప్పి
దాన్ని నా ముందట పెట్టిండు.
అరచేతిల ఇమిడేటంత. అరకిలో చింతపండు బరువు.

"ఇది బయటి దేశం పిస్తోలుకు నకలు" అన్నడు,
దాచకుండ, జరంత గర్వంగనే.
"అదే కొలత, అదే మలుపు. పేరొక్కటే వేరు.
అసలు ధరల అయిదో వంతు."

నకలంటే నాకు చిన్నచూపు లేదు.
సిరోంచల పుట్టినోణ్ణి.
బడిల మరాఠీ, అమ్మతోని తెలుగు, సంతల నాలుగు ముక్కల గోండీ.
నది దాటి మంచిర్యాల పోతే నాది మహారాష్ట్ర తెలుగంటరు,
నాగపూర్ పోతే తెలుగోళ్ల మరాఠీ అంటరు.
రేషన్ కార్డుల ఓదేలు ఓడేలూ అయిండు,
ముప్పై ఏండ్లు ఆ పేరు మీదనే బియ్యం తిన్న.

లైసెన్సు కాడ వేలిముద్రల మిషను
నా బొటనవేలిని మూడుసార్లు కాదన్నది.
ఆకు లెక్కవెట్టి లెక్కవెట్టి గీతలు అరిగినయ్ సారూ అంటే
క్లర్కు నవ్వి, ఎడమది పెట్టుమన్నడు.

కాంట్రాక్టరు మాట ఇది:
"తునికాకు పైసలు మోసే మున్షీకి నడుముకు ఏదో ఒకటుండాలె."
కొనుడు మాత్రం నా పైసలతోనే.

స్లైడు ఎనుకకు గుంజి చూసిన.
సగం కాడ తట్టుకుంటది, ఇసుక పడ్డ బోరింగు లెక్క.
ట్రిగ్గరు మెత్తగ వచ్చి ఆఖర్ల మొండికేస్తది.
"వాడంగ వాడంగ అదే అరుగుతది" అన్నడు సేఠ్.
ఎంత వాడాలె? ఎవరి మీద?
అడగలే.
స్ప్రింగు ఇరిగితే ఎట్ల అని అడిగిన.
"ఇరగదు."
ఇరిగితే?
చాయ్ తెప్పించిండు.

లక్షా పదివేలు.
నా మనసు రూపాయలల్ల లెక్క చెయ్యదు, కట్టలల్ల చేస్తది.
కట్టకు డెబ్బై ఆకులు, ఏడు రూపాయలు.
పొద్దు పొడవకముందే అడవిల ఉండే లస్మక్క
దినానికి నూటయాభై కట్టలు కట్టినా
సీజను పద్దెనిమిది దినాలే.
అంటే లస్మక్కవి ఆరు ఎండకాలాలు
ఈ ఎర్రగుడ్డల.
ఆమె నడుమునొప్పి ఈ లెక్కల రాలే.

పదకొండేండ్లల్ల నన్ను ఒక్కసారే ఆపిండ్రు.
ఆసరెల్లి తొవ్వ, వాగు దాటినంక.
ఇద్దరు పోరగాండ్లు, ఒకనికి ఇంక మీసం రాలే.
చేతుల భర్మారు, పగిలిన కర్రకు తీగ చుట్టిండ్రు.
పైసల సంచి అడుగలే. లెక్కల బుక్కు అడిగిండ్రు.
"మా అవ్వ పేరు మీద పన్నెండు కట్టలు కొట్టేసినవ్, ఎందుకు?"
పురుగు పట్టిన ఆకు, తమ్మీ.
"చూసినవా?"
చూడలే.
కొట్టెయ్యుమన్నరు, కొట్టేసిన.
పన్నెండేళ్లు ఎనభై నాలుగు. చిల్లరతోని సహా ఇచ్చిన.
నా సద్దిడబ్బల ఉల్లిగడ్డ సుత ముట్టకుండ పోయిండ్రు.

ఆ పొద్దు నా నడుముకు ఇది ఉంటే?
చెయ్యి దీనిమీదికి పోవు.
బుక్కు మీదికి పోకపోవు.

"ఏమంటవ్ మున్షీ?"
సేఫ్టీ మీట మీద బొటనవేలు ఆనిచ్చిన. జారింది.
మళ్ల ఆనిచ్చిన. మళ్ల జారింది.
కట్టను చూడకుండ ఒత్తి
ఇండ్ల అరవై ఆరే ఉన్నయని చెప్పే వేలు.
"వచ్చే వారం చెప్త" అన్న.
"ధర పెరుగుతది" అన్నడు, గుడ్డ మడుస్తనే.

ఆలాపల్లి దాటినంక బస్సు ఖాళీ అయింది.
చెయ్యి రెండుసార్లు కడిగినా నూనె వాసన పోలే,
బరువు సుత పోలే, అరచేతిల కూసున్నట్టే ఉన్నది.
కొంటనో కొననో నాకే తెల్వదు.
ఎల్లుండి కళ్లం కాడ పైసల పంపకం.
బుక్కు తీసిన. ఈసారి కొట్టేసిన పేర్లు మూడు.
ఒకటి మళ్ల రాసిన, గుంతల కాడ అక్షరం వంకర పోయింది.
మిగిలిన రెండు నిజంగనే పురుగు పట్టినయే
అనుకుంట.
పొద్దుగాల పోయి చూడాలె.