బాతుకి ఏ సీసా

మా కొట్టు పేరు వైన్ షాపు.
యానాంలో ఎవరినడిగినా చూపిస్తారు.
వైన్ తప్ప అన్నీ ఉంటాయి:
బ్రాందీ, విస్కీ, చల్లటి బీరు,
పల్లీల పొట్లం, కారం జల్లిన జామకాయ ముక్క.
పై అరలో మాత్రం ఒక్కటి, ఎర్రది, మెడకి బూజు పట్టి
ఏడేళ్ళుగా నా చేత దుమ్ము తుడిపించుకుంటోంది.

దాళ్వా కోతలైన వారం.
ఎదుర్లంక వంతెన దాటి పేరంటాలు వచ్చింది.
మోకాళ్ళదాకా ఎండిన బురద,
ఒక చేతిలో గుడ్ల బుట్ట, ఇంకో చేతిలో బాతుల్ని మళ్ళించే గెడ,
గెడ కొసన నీలం సంచి పీలిక.
వరసలో మగాళ్ళు ఓ అడుగు పక్కకి జరిగారు,
గౌరవంతో కాదు, వాసనకి.

"బాతు కూరలోకి ఏది బాగుంటాదండీ?"

నేను పుచ్చుకోను. పాతికేళ్ళుగా అమ్ముతాను, అంతే,
కాళ్ళు లేనివాడు చెప్పులు అమ్మినట్టు.
కానీ మా తాత శౌరయ్య దొర బంగళాలో వంట చేసినవాడు.
చేపకి తెల్లది, బాతుకి ఎర్రది అని
జపమాలకీ జపమాలకీ మధ్య చెబుతుండేవాడు.
అదే చెప్పాను, తాత గొంతుతో, కాస్త ఎత్తు నుంచి.

"ఏ బాతుకండీ?" అంది.

నాకు బోధపడలేదు.

"చేలో రాలిన గింజ తిన్నదానికా,
బోదిలో నత్తలు తిన్నదానికా?
మామిడికాయేసి ఇగరబెట్టినదానికా, చింతచిగురుకా?
గుడ్లు మానేసిన ముసలిదానికా?
అన్నిటికీ ఒకటే ఎరుపేటండి."

వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు.
నేను నిచ్చెన వేసుకున్నాను.

"మంద అమ్మేశానండి, ఎనిమిది వందల నలభై.
ఒకటుంచాను, కుంటిది.
పదకొండేళ్ళు ఈటి వెనకాల నడిచాను,
ఊరూరా, చేను చేనుకీ.
ఒక్కపూట కూకుని తింటాను."

తడి పది నోట్లు లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది.
సీసాని గడ్డిలో చుట్టి బుట్ట అడుక్కి తోసింది.
వంతెన అవతల చెక్‌పోస్టు కానిస్టేబులు
పైనున్న ఆరు గుడ్లు తీసుకుని పొమ్మన్నాడట.
అది తరవాత తెలిసింది.

తొమ్మిదోనాడు మళ్ళీ వచ్చింది, కాళ్ళు కడుక్కుని.
వరస లేని మధ్యాహ్నం.
కౌంటరు మీద సీసా పెట్టి, అడక్కుండానే అందుకుంది:

"మొదటి గుక్క, నేరేడుపళ్ళు తిన్నాక
నాలిక మీద మిగిలే వగరండి.
దానెనకాల తడిసి ఆరిన గోనెసంచి.
మామిడికాయ ఇగురుతో పడలేదు,
పులుపూ పులుపూ జుట్లు పట్టుకున్నాయి.
మర్నాడు మిరియం దంచేసి, కొవ్వు తేలేదాకా వేపాను.
అప్పుడు కొంచెం మాటా మాటా కలిసింది.
ఆ మర్నాడు, పొయ్యి ఎలిగించకుండా,
గిన్నె అడుగున పేరుకున్న ముక్కలు చద్దన్నంలో కలుపుకుని
రెండు గుక్కలు తాగాను చూడండి..."

చూడండి అన్నాక ఇంకేమీ అనలేదు.
ఫ్యాను తిరుగుతోంది.
నేను బిల్లు పుస్తకం వెనక రాసుకుంటున్నాను,
గోనెసంచి దగ్గర పెన్ను ఆగింది,
ఒకటి కొట్టేసి మళ్ళీ రాశాను.

"కుంటిది రుచిగా ఉందన్నమాట."

"అయ్యో, అది బతికే ఉందండి.
మురమళ్ళ మందలోంచి మూడు వందలెట్టి వేరేది కొన్నాను.
ఇప్పుడు గడప దాటనివ్వదు నన్ను,
ఎటెళ్తే అటే, టకటకా ముక్కుతో."

వెళ్తూ వెళ్తూ మెట్టు మీద నుంచి అంది:
"అడుగున ఓ గుక్క ఉంచానండి. మీకే."

పదింటికి షట్టరు సగం దించాను.
పుచ్చుకోనుగా, మూత తీసి వాసన మాత్రం చూశాను.
నేరేడు తెలిసింది.
గోనెసంచి తెలిసింది, లేదా ఆవిడ చెప్పిందని అనిపించిందో.
కింద ఇంకేదో ఉంది, ఉప్పుగాలి లాంటిది,
దానికి ఆవిడా పేరు పెట్టలేదు.

పై అరలో సీసా ఉన్నచోట గుండ్రటి మచ్చ,
చుట్టూ ఏడేళ్ళ దుమ్ము.
ఇంకోటి తెప్పిద్దామంటే ఓనరు నవ్వాడు, ఎవరు కొంటారోయ్ అని.
తాతా, నువ్వు దొరని ఎప్పుడైనా అడిగావా,
ఏ బాతుకని?