రెండు వందల మిల్లీసెకన్లు

రుషికొండ మీద మూడో అంతస్తు.
కిటికీ తెరిస్తే ఉప్పుగాలి, మూస్తే ఏసీ నీళ్ల చుక్కలు.
బల్ల మీద పద్దెనిమిది పరికరాలు
సంతలో కట్టేసిన మేకల్లా వైర్లకి వేలాడుతూ.

హైమ పాత డ్రైవర్‌ని విప్పి మళ్లీ కట్టింది.
నాలుగు వేల లైన్లు పదిహేడు వందలయ్యాయి.
"లోపలే సర్దాను, బయటికేమీ మారదు" అంది.
మారలేదని తేల్చడానికే నాకు జీతం.

కొత్త ఎస్‌ఎస్‌డీ అడిగీ అడగకముందే జవాబు చెప్పేసింది,
ముందు బెంచీ పిల్లాడు.
గాజువాకలో కొన్న పెన్‌డ్రైవ్
పైన అరవై నాలుగు జీబీ, లోపల ఎనిమిదే.
అబద్ధమే, కానీ నిలకడగా ఆడింది. పాసు.
పూర్ణా మార్కెట్ వెనక తూకానికి దొరికిన హార్డ్ డిస్కు
తిరగలిలా మూలిగి మూలిగి
ఆఖరికి పిండి రాల్చింది.

పద్దెనిమిదోది ఫిషింగ్ హార్బర్‌ది.
ఎల్లాజీ బోటు జీపీఎస్‌లోని కార్డు, అంచులన్నీ చిలుము.
"ఏటీ చేసీకమ్మా,
వల చిరిగే రాళ్ల గుర్తులన్నీ దీన్లోనే ఉన్నాయి" అన్నాడు.
పాత డ్రైవర్‌తో ముందే నకలు తీసుకుని
కొత్తది ఎక్కించాను.

లేదంది.
అసలు కార్డే లేదంది.
చున్నీతో తుడిచి పెట్టాను, లేదంది.
పాతదాంతో పిలిస్తే
ఉన్నానంది.

రాత్రి పదకొండు. కింద ముంత మసాలా బండి స్టవ్ ఆరిపోయింది.
రెండు కోడ్‌లూ పక్కపక్కన పెట్టి
వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాం.
తొమ్మిది వందల పన్నెండో లైను:
రెండు వందల మిల్లీసెకన్లు ఆగు.
ఎందుకో రాసి లేదు.
కె.పి. అని రెండక్షరాలు, అంతే.
"పనిలేని లైననుకున్నానే" అంది హైమ.

ఎవరో ఆ కె.పి.
ఏ ఊళ్లో, ఏ బల్ల ముందు,
ఏ ముసలి కార్డు నోరు విప్పేదాకా కూర్చున్నాడో,
కూర్చుందో.
తలుపు కొట్టాక
లోపలి మనిషి మంచం దిగి
గడియ దాకా వచ్చే పాటి వ్యవధి.

లైను తిరిగి పెట్టాం. కార్డు పలికింది.
సముద్రం అడుగున ఉన్న రాళ్లు
అంకెలై, జతలు జతలుగా తెర మీదికి తేలాయి.
"దీనొక్కదాని కోసం మిగతా పదిహేడూ ఆగాలా?"
అని సణుగుతూనే హైమ పైన రాసింది:
తీయకండి. ఎల్లాజీ కార్డు నెమ్మది.

కోడ్ మారింది కదా,
మళ్లీ ఒకటో నంబరు నుంచి.
ఎస్‌ఎస్‌డీ వైరు చేతిలోకి తీసుకున్నాను.