తొలి వాయి

శుక్రవారం తెల్లారగట్ల అయిదింటికి
లాకుల దగ్గర కాలవలో మూడు మునకలేసి
తడి తువ్వాలుతో మర తలుపు తీస్తాను.
ఏం దీక్ష పట్టావు సూరన్నా, అంటారు చూసినవాళ్లు.
చెబితే నవ్వుతారని చెప్పను.

ముప్పయ్యేడేళ్లుగా పిండి మర నాది.
నెరవక ముందునుంచీ తెల్లటి మనిషిని.
ఆ తెలుపులో వరెంతో గోధుమెంతో
ఏనాడూ పట్టించుకోలేదు.

అంబాజీపేట కొట్లో కురిడీలు ఏరే సత్యవేణి
మొదటిసారి వచ్చి గుమ్మం బయటే నిలబడింది,
కడిగి ఆరబెట్టిన బియ్యం రెండు కేజీలు చంకనెట్టుకుని.
"బాబాయ్, మీ మరలో గోధుమలు ఆడతారా?"
ఆడకేం, అన్నాను గొప్పగా.
ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

అప్పుడు చెప్పింది కుందన సంగతి.
యూకేజీ చదువుతోంది. తిన్నది ఒంటపట్టదు.
పొట్ట కుండ, చేతులు కొబ్బరీనెలు.
దిష్టన్నారు, నులిపురుగులన్నారు,
ఒకరు వాము నీళ్లు, ఒకరు తాయెత్తు.
కాకినాడలో డాక్టరమ్మ రక్తం చూసి, పేగు చూసి
ఒక్క మాటందట:
గోధుమ. రవ్వంత కూడా వద్దు.

నేను నవ్వాను.
కాలవకి ఇటూ అటూ వరే కదమ్మా,
గోధుమ మొలిచిన గట్టు ఒక్కటి చూపించు,
ఇక్కడ పుట్టిన పిల్లకి ఇదేం జబ్బు?

సత్యవేణి వేళ్లు మడవడం మొదలెట్టింది.
పాల బిస్కెట్టు. బన్ను. బొంబాయి రవ్వ ఉప్మా.
సేమ్యా. మైసూరు బోండా. క్లాసులో ఎవరిదో ఒకరి పుట్టినరోజు కేకు.
"జంతికలైతే వరిపిండేగా?"
"అందులో ఇంగువ ఉంటాది బాబాయ్."
ఆ రాత్రి కళ్లజోడు పెట్టుకుని
మా వంటింట్లో ఇంగువ డబ్బా తిప్పి చదివాను.
చీమ తలకాయంత అక్షరాలు.
ఉంది. గోధుమ పిండే.

అందుకే గురువారం రాత్రి రాళ్లు విప్పి
సందుసందుకీ బ్రష్షు పెట్టి, గుడ్డ సంచి ఉతికి ఆరేసి,
పొద్దున్నే నూకలు మూడు కేజీలు వట్టినే ఆడి
కోళ్లకి పోస్తాను.
కోళ్లు బలిశాయి. మా ఆవిడ లెక్కలడుగుతోంది.
ఆ తర్వాత కుందన బియ్యం, తొలి వాయి.
గోధుమ డబ్బాలు వరసలో పెట్టినవాళ్లు ఏడున్నర దాకా ఆగాలి.
మేడింటి కోడలుగారు ఓసారి కసిరింది,
మాకంటే ముందు ఆ పిల్లదాని పిండేంటని.
ఆయ్, అంతేనండి, అన్నాను.

మడి అంటే మా ఇళ్లలో ఎరగం.
మా నాన్న రోజుల్లో మడి కట్టుకున్నోళ్లు
మేం తెచ్చిన పిండి మీద నీళ్లు చిలకరించి తీసుకునేవారు.
అరవై రెండో ఏట నేనూ పట్టాను మడి,
అయిదేళ్ల పిల్ల ఇంటర్వెల్లు డబ్బా కోసం.

ఆ డబ్బాలో ఓరోజు వాము చెక్కలు, ఓరోజు కొబ్బరుండ,
ఉడకబెట్టిన తేగ ముక్కలు, చక్రకేళి,
ఇంట్లో తిరగలి మీద విసిరిన సున్నుండ.
అన్నీ బాగానే ఉంటాయి గానీ
పక్క బెంచీ లాస్య ఇచ్చిన క్రీము బిస్కెట్టు
ఒకసారి జేబులో దాచి తెచ్చుకుందట.
తినలేదు. దిండు కింద పెట్టుకుని
రాత్రుళ్లు వాసన చూసిందట.
చీమలు పట్టాకే తల్లికి తెలిసింది.

మొన్న శనివారం గోధుమలు ఆడుతున్నాను.
మీసం మీద, రెప్పల మీద, మోచేతుల దాకా అదే.
"తాతా!" అంటూ పరిగెత్తుకొచ్చింది,
చెక్క ముక్క నా నోట్లో పెడదామని.
వెనక్కి జరిగాను.
ఇంకా జరిగాను, గోడ తగిలేదాకా.
చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది దానిది.

ఏం చేస్తాను?
పక్క తలుపులోంచి దూకి
చొక్కాతో సహా కాలవలో పడ్డాను.
లేచి చూస్తే గట్టు మీద నిలబడి
పడీపడీ నవ్వుతోంది.

మెట్టు మీదికొచ్చి, నీళ్లు కారుతూ నోరు తెరిచాను.
ఉప్పు కాస్త ఎక్కువైంది.
సత్యవేణికి చెప్పలేదు.