చేబదులు

నిమ్మముల్లు గుచ్చుకుంటె
వేలు నోట్ల వెట్టుకునే అలవాటు నాది.
నకిరేకల్ మార్కెట్ల ఏడేండ్లు కాయ ఏరిన చెయ్యి.
ఆ రాత్రి దేవరకొండ దవాఖానల
కాన్పుల గది సంచికి మూతి కడుతుంటె
సుర్రుమన్నది.
వేలు పెదవి దాకా పోనే పోయింది.
"జంగమ్మా, ఆగు!"
రోజ్‌లిన్ సిస్టర్ కేక నా మణికట్టు పట్టుకున్నది.

నల్లా కింద సబ్బు.
పిండొద్దు, చీకొద్దు, నీళ్లు పోనియ్యి.
ఎవరి సూదని నేనడగలే, ఆమె చెప్పలే.
తెర అవతల నాలుగో మంచం మీద
పండ్లు కొరుక్కుంట ఒక పిల్ల మూలుగుతున్నది.

టీకాలు మూడు మాకు ఎప్పుడో వెయ్యాలె.
ఏజెన్సీ కాయితంల వేసినట్టే ఉన్నదట.
నా దండచేతికి ఆ సంగతి తెల్వదు.

అసలు మందు నల్లగొండ నుంచి రావాలె,
పొద్దుగాల మొదటి బస్సుకు, ఐసుడబ్బల.
ఇమ్యునోగ్లోబ్యులిన్.
సిస్టర్ మూడుసార్లు పలికిచ్చింది,
నా నోట్లె అది నిమ్మగింజ లెక్క జారింది.
"పేరు ఇడిసిపెట్టు.
ఆ పురుగును పట్టుడు నేర్చిన నెత్తురు
ఎవలి ఒంట్లెనో ఉంటది.
ఆ నేర్పును వడగట్టి సీసల పోస్తరు.
నీ ఒళ్లు నేర్చుకునేదాక చేబదులు అనుకో."

చేబదులంటె నాకెరుకే.
కాయితముండదు, మిత్తి ఉండదు,
ఇచ్చినోళ్ల మొఖం మాత్రం యాదుంటది.
దీనికి మొఖమే లేదు.

కాంట ఎక్కించిండ్రు. యాభై రెండు కిలోలు.
బరువును బట్టి మందట.
మార్కెట్ల ప్రతి బస్తాకు తరుగు తీస్తరు,
నాకు తియ్యలే.

డబ్బ వచ్చేసరికి ఆ పిల్ల కన్నది. ఆడబిడ్డ.
పన్నెండు గంటలు దాటొద్దని
ముందుగాల దానికే.
ఒక తొడకు చేబదులు, ఇంకో తొడకు టీకా.
దాని అరుపుకు గేటుకాడ ఆటోవాడు తిరిగి చూసిండు.
తర్వాత నేను.
నేను అరవలే, అరిస్తె బాగుండునేమో.

ఊడుస్తుంటె ఆ పిల్ల కొంగు పట్టి ఆపింది.
సిస్టర్‌ను గాదు, నన్నడిగింది:
"అక్కా, పాలియ్యొచ్చునా?"
ఇయ్యొచ్చన్నరు, ఇయ్యి అన్న.
సూది సంగతి ఆమెకెవ్వరూ చెప్పలే.
నేను గూడ.

నెలకు మళ్ల టీకాకు రమ్మన్నరు,
నన్నూ, ఆ బిడ్డనూ.
ఒక్క డబ్బలకెల్లి బదులు తెచ్చుకున్నోళ్లం,
ఏమైతదో నాకు అది, వరుసకు?

సంచి మూతి కట్టేముందు
ఇప్పుడు పక్కలు చూసి కడుతున్న.
గ్లౌజులు ఇంకా పల్చటియే.